పొద్దుటి వేళ్లు

విమానాలకు తిండి వండి పంపే కంపెనీలో డోర్కాస్ చేతుల్లోంచి ట్రే జారి కింద పడింది. విమానాల్లోకి వెళ్లాల్సిన ఉప్మా గచ్చంతా చిందింది.

"మళ్లా పడేసినవా? రోజుకు ఐదొందలు ఊకెనే ఇస్తున్నమా?" సూపర్‌వైజర్ రాజశేఖర్ అరిచాడు.

"వేళ్లు వంగుతలేవు సార్. పొద్దుగాల కట్టెల్లెక్క అయితున్నయి. ఎండెక్కినంక జర నయమైతది."

"కంపెనీ డాక్టర్ రక్తపరీక్ష చేయించిండు గదా! కీళ్లవాతం లేదన్నడు. ఇగ గీ నాటకం ఎందుకు?"

ఆ పూట కూలి కోసి ఇంటికి పంపేశాడు.

మామిడిపల్లిలోని ఇంట్లో అత్త సీతమ్మ కోడలి చేతిని ఒళ్లో పెట్టుకుని చూసింది. మెటికలు ఉబ్బి వేడిగా ఉన్నాయి. సీతమ్మ వేళ్లు ఏనాడో పక్కకు వాలిపోయాయి. శంషాబాద్ ద్రాక్షతోటల్లో గుత్తులు కోసే రోజుల్లో నొప్పి మొదలైతే, మందు కొట్టిన ఆకు ఒంటికి పడలేదన్నాడు మేస్త్రీ. కాన్పు తర్వాత ఒంటికి పట్టిన నిమ్ము అన్నారు చుట్టాలు. ఇప్పుడు ఆమె జాకెట్ హుక్కులు కూడా కోడలే పెట్టాలి.

"నడువు బిడ్డా, సర్కారు దవాఖానకు."

అక్కడి డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చిన పిల్ల. ఒక్కో మెటికా నొక్కి చూసి, పాత రిపోర్టు చదివింది.

"కంపెనీ వాళ్లు ఆర్.ఎఫ్. అనే రక్తపరీక్ష ఒక్కటే చేశారండీ. జబ్బు మొదట్లో చాలామందికి అది కనబడదు. అది లేనంత మాత్రాన జబ్బు లేదనకూడదు. యాంటీ సీసీపీ అని ఇంకో రక్తపరీక్ష రాస్తున్నాను. వాపు ఎంతుందో చెప్పే పరీక్షలు కూడా చేద్దాం."

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. యాంటీ సీసీపీ బాగా ఎక్కువగా ఉంది.

"కీళ్లవాతమేనమ్మా. త్వరగా వచ్చారు. మందులు ఇప్పుడే మొదలుపెడితే వేళ్లు వంకరపోకుండా చాలావరకు ఆపొచ్చు."

డోర్కాస్‌కు ఏడుపొచ్చింది. సీతమ్మకు కోపమొచ్చింది.

"నాకెవ్వలు గీ పరీక్ష రాయలే డాక్టరమ్మా. నొప్పి గోలీ చేతుల పెట్టి పొమ్మన్నరు. ఎన్నిసార్లు పోయినా పొమ్మనే అన్నరు. నా చేతులు ఊకెనే పోయినయా?"



మర్నాడు రాజశేఖర్ గేటు దగ్గరే డోర్కాస్‌ను ఆపాడు. రిపోర్టు చూసి పెదవి విరిచాడు.

"అయితే నిజంగనే రోగముందన్నట్టు! గిసుంటోళ్లతోని మాకేం పని? సొంత ఇష్టంతోని మానేస్తున్ననని సంతకం పెట్టు."

మొన్నటిదాకా రోగం లేదు కాబట్టి నాటకం. ఇవాళ ఉంది కాబట్టి పనికిరాదు. డోర్కాస్ ఒళ్లు మండిపోయింది.

"పెట్ట సార్."

"ఏందీ?"

"సంతకం పెట్ట. మందులు వాడుతున్న. తగ్గేదాక తేలిక పని ఇయ్యుండ్రి. మానేసుడు నా ఇష్టం కాదు. మీరు తీసేస్తే, తీసేసినమని మీరే రాసియ్యుండ్రి."

రాజశేఖర్ చాచిన పెన్ను అలాగే ఉంది. షిఫ్టు బస్సు దిగిన ఆడవాళ్లు లోపలికి పోకుండా ఆమె వెనకే ఆగిపోయారు. వాచ్‌మన్ ఉపేందర్ సగం తెరిచిన గేటు పట్టుకుని, తెరవాలో మూయాలో తెలియక వాళ్లందరి ముఖాలూ చూస్తున్నాడు.