తాగనివాడి కాలేయం

పొద్దున ఎనిమిదింటికి ఆ గదిలో అడుగు పెడితే బయట ఎండో వానో తెలియకుండానే సాయంత్రమైపోయే ఉద్యోగం ఆమెది. కిటికీకి మందపాటి తెర, ఒక మంచం, ఒక యంత్రం, దాని ముందు చక్రాల స్టూలు. వచ్చేవాళ్ళంతా ఆమెను స్కానింగమ్మ అనేవారు. "ఊపిరి పీల్చండి, ఆపండి, వదలండి" అని పదిహేడేళ్ళుగా రోజంతా అదే పాట. పక్కటెముకల కింద ప్రోబు పిడి నొక్కి నొక్కి కుడి భుజం అరిగిపోయింది. జడ వేసుకుందామన్నా చెయ్యి పైకి లేచేది కాదు.

ఆ రోజు నాలుగు దాటింది. ఇంకెవరూ లేరులే, కాసేపు కాళ్ళు చాపుకుందాం అనుకుంటుండగా తలుపు తోసుకుని అక్క వచ్చింది. ఆమె వెనక చేతిలో రక్తపరీక్ష కాగితంతో బావ.

"మీ బావకి కుడిపక్క బరువుగా ఉంటోందిటే. కాగితంలో లివరు అంకెలేవో ఎక్కువొచ్చాయి. స్కాను తీయించమన్నారు. పొద్దున టీ తాగాక ఇద్దరం పచ్చి గంగ తప్ప ఏమీ ముట్టలేదు" అంది అక్క ఒక్క గుక్కలో.

"నువ్వెందుకక్కా పస్తు?"

"ఆయన తినకుండా కూర్చుంటే నాకు ముద్ద దిగుతుందా?"

బావ గడియారాలు బాగుచేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా కంటికి అద్దం బిగించుకుని అదే కుర్చీలో కూర్చుని, ఆవగింజలంత మరలు పట్టుకారుతో తీసి పెడుతుంటాడు. ఆయన తండ్రి తాగి తాగి పోయాడు. ఆ వీధిలో ఆ పెద్దమనిషిని పేరుతో పిలిచినవాళ్ళు లేరు, అందరికీ 'సీసా'యే. సీసా కొడుక్కి పిల్లనెవరిస్తారని బంధువులంతా మూతి విరిచినప్పుడు, "ఆయన చుక్క ముట్టడు, నాకది చాలు" అని పట్టుబట్టి చేసుకుంది అక్క. అందుకే ఆ ఇంట్లో లివరు అన్న మాటకి ఒకటే అర్థం.

బావ చొక్కా విప్పి మంచం మీద వాలాడు. స్కానింగమ్మ పొట్ట మీద జెల్లు రాసి, కుడివైపు పక్కటెముకల సందున ప్రోబు ఆనించింది. యంత్రం తెర మీద బొమ్మ తేటపడగానే ఆమెకి అర్థమైపోయింది. మామూలుగా కాలేయం, పక్కనున్న కిడ్నీ దాదాపు ఒకే బూడిదరంగులో కనిపిస్తాయి. ఇక్కడ కిడ్నీ నల్లగా ఉంది, కాలేయం సున్నం కొట్టినట్టు తెల్లగా మెరుస్తోంది. లోపలికి పోయేకొద్దీ మసక. రోజూ చూసేదే. వచ్చిన ముగ్గురిలో ఒకరికి ఉంటోంది. అయినా బావది కావడంతో చెయ్యి ఒక క్షణం ఆగింది.

తను చెప్పకూడదు, చెప్పాల్సింది డాక్టరమ్మ. పిలిస్తే పక్కగదిలోంచి వచ్చి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూసింది. ఆవిడా పొద్దుటినుంచి నిలువుకాళ్ళ మీదే ఉంది.

"లివరుకి కొవ్వు పట్టిందండీ. రెండో గ్రేడు. భయపడేదేం లేదు, కానీ వదిలేసేదీ కాదు."

అక్క మొహంలో రంగు మారింది. డాక్టరమ్మ వైపు కాదు, నేరుగా భర్త వైపు తిరిగింది.

"ఎన్నాళ్ళనించీ?"

"ఏది ఎన్నాళ్ళనించి?"

"నా నోటితో అనిపించకండి. మీ కొట్టు పక్కన బారు పెట్టినప్పుడే అనుకున్నాను. ఇంటికి రాగానే మంచానికి అడ్డంగా పడిపోతున్నారు. పిలిస్తే పలకరు."

"తాగకపోయినా వస్తుందమ్మా" అంది డాక్టరమ్మ. "తీపి, నూనె, కదలకుండా కూర్చోవడం, ఒళ్ళు పెరగడం. ఇవి చాలు."

"మీరు మర్యాదకి అలాగే అంటారులెండి." అక్క చెల్లెలి మీదికొచ్చింది. "నువ్వు చెప్పవే. ఇంత పెద్ద మెషీను కదా, తాగిందో కాదో తెలీదా?"

"తెలీదక్కా. కొవ్వుందని చెబుతుంది. ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పదు."

ఆ మాట నిజమే. కానీ ఆ మాట అంటూనే స్కానింగమ్మ బావ మొహంలోకి చూసింది. ఏమో, ఎవరు చూడొచ్చారు, సీసా కొడుకే కదా అన్న ఆలోచన ఆమెలో మెదిలింది. మెదిలినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

బావ లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. మరలు బిగించే ఆ వేళ్ళకి గుండీ అందలేదు. ఒక కాజా తప్పి చొక్కా వంకరగా నిలబడింది.

"నాన్న పోయినప్పుడు ఆయన నోరు తుడిచింది నేనే" అన్నాడు మెల్లిగా. "ఆ వాసన ఇప్పటికీ నా వేళ్ళకి ఉన్నట్టే ఉంటుంది. నేనెందుకు తాగుతానే?"

అక్క మెత్తబడుతుందనుకుంది స్కానింగమ్మ. అక్క చెప్పులు విప్పి మంచమెక్కింది.

"నాకూ తియ్యి. ముట్టని మనిషి లివరు ఎలా ఉంటుందో ఆయన కళ్ళారా చూడనీ."

డాక్టరమ్మ చెయ్యి ఊపింది. "తీసెయ్. లేకపోతే ఈవిడ ఇక్కణ్ణించి కదలదు."

స్కానింగమ్మ మళ్ళీ జెల్లు రాసింది. ఊపిరి పీల్చమంది. ప్రోబు ఆనించింది. తెల్లగా వచ్చింది. వెలుతురు మరీ ఎక్కువ పెట్టానేమోనని తగ్గించింది. చోటు మార్చి చూసింది, పక్కకి తిప్పి చూసింది. కిడ్నీ నల్లగా, కాలేయం పాలమీగడలా. అడుగుభాగం అసలు కనిపించనే లేదు.

"ఏమే, మాట్లాడవు?"

డాక్టరమ్మ తెర దగ్గరకి వంగి చూసింది. "మీది ఆయనకంటే కాస్త ఎక్కువేనమ్మా. రోజుకి ఎన్ని టీలు?"

అక్కకి కుట్టుమెషీనే లోకం. దాని పక్కన పంచదార దండిగా వేసిన టీ గ్లాసు, బిస్కెట్ల డబ్బా ఎప్పుడూ ఉండాల్సిందే. ఆ సంగతి డాక్టరమ్మకి తప్ప అక్కడున్న మిగతా ముగ్గురికీ తెలుసు.

బావ పక్కనున్న గుడ్డ తీసి భార్య చేతికిచ్చాడు, తుడుచుకోమని.

"ఏ బ్రాండు తాగుతున్నావో నాకూ చెప్పరాదూ?"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. స్కానింగమ్మకీ నవ్వాగలేదు. అక్క కూడా నవ్వబోయింది, అంతలోనే ఆ గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నెల్లాళ్ళుగా మీ చొక్కాలు వాసన చూస్తున్నానండీ" అంది ఏడుపు మధ్యలో. "ఏ వాసనా రాకపోతే, ఉతుక్కుని వస్తున్నారేమో అనుకున్నాను."

బావ ఆమె చెప్పులు దగ్గరకి జరిపి పెట్టి, ఆమె దిగేదాకా నిలబడ్డాడు.

ఆ తర్వాత ఇద్దరూ పొద్దున్నే నడవడం మొదలుపెట్టారు. ఒకరికి మోకాలు నొప్పి, ఇంకొకరికి నిద్రమత్తు, దారి పొడుగునా సణుగుడే. టీలో పంచదార మానేశారు. మానేసినన్నాళ్ళూ అక్క ఇంటిల్లిపాది మీదా విరుచుకుపడింది. భర్తకి క్షమాపణ లాంటిదేదీ చెప్పలేదు. అది ఆమెకి చేతకాదు. ఆయన చొక్కాలు మాత్రం ఇస్త్రీకి బయట ఇవ్వడం మాని తనే చేసేది.

ఆరు నెలలకి బావ ఒక్కడే వచ్చాడు. ఆయనది ఒక గ్రేడు తగ్గింది. అక్కది అంతకుముందు వారమే చూశారు, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పైగా షుగరు బయటపడింది.

స్కానింగమ్మ ప్రోబు తుడుస్తుండగా బావ అడిగాడు.

"నేను తాగుతున్నానని ఆ రోజు నువ్వూ అనుకున్నావు కదమ్మా?"

లేదని చెప్పడం తేలికే. కానీ ఆ సాయంత్రానికి అబద్ధమాడే ఓపిక కూడా ఆమెలో మిగల్లేదు.

"ఒక్క నిమిషం అనుకున్నాను, బావా."

ఆయన మంచం మీంచే తల తిప్పి చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు.

"లివరుది తగ్గుతుందమ్మా" అన్నాడు. "చిన్నప్పట్నించీ ఎక్కడికెళ్ళినా జనం ముందు నా నోటి దగ్గర వాసన చూసి తర్వాత మాట్లాడేవారు. ఇంట్లో ఒక్కచోట అది లేదనుకున్నాను. అంతే."

లేచి, చొక్కా వేసుకుని, మీ అక్కకి కాస్త ధైర్యం చెప్పమ్మా, షుగరని బెంగ పెట్టుకుంది అని చెప్పి వెళ్ళాడు. తలుపు తీసినప్పుడు బెంచీ మీద ఇంకా ఏడెనిమిది మంది కనిపించారు. స్కానింగమ్మ భుజం ఒకసారి నొక్కుకుని, తర్వాతి వాళ్ళని రమ్మంది.