వణుకు తగ్గిన అంబాసిడర్

పొడవాటి స్క్రూడ్రైవరు కొనని ఇంజను మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి, కూర్మారావు కళ్లు మూసుకున్నాడు. డాక్టర్లు గుండెని వినే పద్ధతే. కాకపోతే ఇక్కడ రోగికి నూనె కారుతుంది.

లోపల అంతా సవ్యంగానే కొట్టుకుంటోంది. కారు మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

అది డెబ్భై నాలుగు మోడల్ అంబాసిడర్. రిటైర్డ్ హెడ్మాస్టరు సీతారాం గారికి తండ్రి వదిలిపోయిన ఆస్తుల్లో కొబ్బరితోట తర్వాత అదే పెద్దది. పరువుకి అంబాసిడరే ఉండాలి, పొదుపుకి డీజిలు పోయాలి అని ఆయన పట్టుబట్టడంతో, పాత పెట్రోలు ఇంజను తీసేసి, తుక్కులో దొరికిన ఒక వ్యాను ఇంజనుని కూర్మారావు అందులో కూర్చోబెట్టాడు. ఇంజను కూర్చుంది. మనుషులే కూర్చోలేకపోతున్నారు.

"అద్దంలో నా మొహం రెండుగా కనిపిస్తోందయ్యా," అన్నారు సీతారాం గారు, స్టీరింగు ముందు నిటారుగా.

"ఒకటి రిటైరైపోనాది బావూ. రెండోది ఇంకా సర్వీసులోనే ఉంది."

సీతారాం గారు నవ్వలేదు. మర్నాడు టెక్కలిలో పెన్షనర్ల సంఘం సభ. ఆయన అధ్యక్ష పదవికి నిలబడ్డారు. ముగ్గురు ఓటర్లని తన కారులో తీసుకెళ్తానని మాటిచ్చారు. వాళ్లలో ఇద్దరివి కట్టుడు పళ్లు.

వెనక సీట్లో ఆయన భార్య ప్రమోదిని గారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వణుకు ఎంతుందో చెప్పడం ఆమె పని. "గాజులు ఆగలేదు," అని పది నిమిషాలకోసారి చెబుతున్నారు.

కాశీబుగ్గ రోడ్డు పక్కన ఆ రేకుల షెడ్డులోకి కూర్మారావు వచ్చి ఏడాదైంది. అంతకుముందు ముప్పై ఏళ్లు మందస అవతల సముద్రపొడ్డున, ఇసకలో మోకాళ్ల మీద నిలబడి, పడవల ఇంజన్లు బాగుచేశాడు. కిడ్నీలు పోయాక, రక్తం కడిగించుకోవడానికి వారానికి మూడుసార్లు పలాస ఆస్పత్రికి రావలసి వచ్చింది. ఎలాగూ వస్తున్నాం కదా అని ఇక్కడే షెడ్డు పెట్టాడు. పిల్లల బడికి దగ్గరగా ఇల్లు చూసుకునేవాళ్లున్నట్టే, ఊరూరా కిడ్నీ రోగులున్న ఉద్దానంలో డయాలసిస్‌కి దగ్గరగా చూసుకునేవాళ్లుంటారు.

పడవల మేస్త్రీకి కారు ఏం తెలుసు అని వీధిలో అనుకున్నారు. స్కూటర్లు తప్ప ఏమీ రాలేదు. ఇదే మొదటి కారు. ఇది వణుక్కుంటూ వెళ్తే ఇదే ఆఖరిది కూడా.

అతని మొహం పొద్దున పూట ఉబ్బి, వేరే ఎవరిదోలా ఉంటుంది. ఎడమ మోచేతి లోపల, సూదులు గుచ్చే నరం చిటికెన వేలంత లావున లేచి ఉంటుంది. వేలు పెడితే లోపల సన్నగా గుర్రుమంటుంది. ఈ గుర్రు ఆగకుండా చూసుకో అని నర్సు చెప్పింది. కారుకి ఆగాలి, చేతికి ఆగకూడదు.

ఆ రోజు బుధవారం. పదకొండు గంటలకి ఆస్పత్రిలో అతని మంచం. సోమవారం వెళ్లలేదు. అప్పుడు ఇంజను గొలుసులకి వేలాడుతోంది.

పదకొండుంబావుకి ఫోను మోగింది. ఆస్పత్రిలో పక్క మంచం జోగమ్మ, అతను అప్ప అని పిలిచే అక్కలాంటిది.

"ఏటి కూర్మారావు, ఎక్కడున్నావు? నీ మంచం కాళీగా ఉంది. నర్సమ్మ అడుగుతంది."

"రానేను అప్పా. ఇంకెవులికైనా ఇచ్చీమను."

"సోమారం కూడా రానేదు కదరా."

"సుక్కురారం వచ్చెత్తాను."

"సుక్కురారం దాకా ఆగమని నీ ఒంటికి సెప్పినావేటి?"

కూర్మారావు ఇంజను వైపు చూశాడు. "సెప్పినానప్పా. అది నా మాట యింటాది," అని ఫోను పెట్టేశాడు. అక్కడ ఒకరు రాకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేయడం వాళ్లలో వాళ్లకి మర్యాద. అతని నాలుగు గంటల్ని అప్పటికే ఎవరో ఎక్కి పడుకుని ఉంటారు.

క్లచ్ తొక్కమన్నాడు. తొక్కారు. వణుకు అలాగే ఉంది. అంటే గేరుబాక్సుదీ, దాని వెనక షాఫ్టుదీ తప్పు కాదు. డీజిలు గొట్టాలు ఒక్కొక్కటీ వదులు చేసి చూశాడు. ఏది వదులు చేసినా ఇంజను ఒకేలా కుంటుతోంది. అంటే నాలుగు సిలిండర్లూ సమానంగా పనిచేస్తున్నాయి. ఇంజనుకి ఏ రోగమూ లేదు. మరి వణుకు ఎవరిది?

కారు కింద దూరి, ఇంజనుని పట్టుకున్న ఇనప పట్టీల మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"తప్పు నాదే బావూ," అన్నాడు వచ్చి. "పడవకి బిగించినట్టు బిగించీసినాను. మద్దిన మెత్తటి రబ్బరు ఎయ్యాల. పడవలో అయితే ఇంజను ఎంత ఎగిరినా సముద్రం తాగీత్తాది. రోడ్డుకి దాహం ఉండదు కదా."

"అంటే రెండు రోజులుగా నేను పడవలో తిరుగుతున్నానా?"

"అందుకే నాకు వాంతులు," అన్నారు ప్రమోదిని గారు, ఒక సమస్య తేలినందుకు తృప్తిగా.

విడిభాగాల కొట్టు నుంచి డీజిలు కారు రబ్బరు దిమ్మలు వచ్చేసరికి రెండైంది. రేకుల కింద ఎండ ఉడికిపోతోంది. కూర్మారావుకి రోజుకి మూడు గ్లాసుల నీళ్లే లెక్క. ఆ రోజువి అయిపోయాయి. నాలుక అంగిలికి అంటుకుపోయి, మాట చప్పరించినట్టు వస్తోంది.

సీతారాం గారు డిక్కీలోంచి ఒక కొబ్బరిబొండం తీసి, తానే కత్తితో చెక్కి అందించారు. హెడ్మాస్టరు గారు ఒకరికి బొండం కొట్టివ్వడం వీధిలో ఎవరూ చూడలేదు.

"వద్దు బావూ. కొబ్బరినీళ్లు ముట్టొద్దన్నారు డాట్రుగోరు. గుండాగిపోతాదంట."

"వాళ్లు అరటిపండు కూడా వద్దంటారు. ఇది మా తోటది, మందు కొట్టనిది. ఒంట్లో చెడంతా కడిగేస్తుంది. నేను రోజూ తాగుతాను, నాకేమైంది?"

సీతారాం గారికి నిజంగానే ఏమీ కాలేదు. రెండు కిడ్నీలూ ఉన్నాయి.

కూర్మారావు బొండాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. పెద్దమనిషి చెయ్యి చాచి ఉండగా కాదనడం అతనికి చేతకాదు. అదొక్కటే కారణమైతే రెండు గుక్కలతో ఆపేవాడు. తల వెనక్కి వాల్చి, గడ్డం మీదుగా కారుతున్నా ఆపకుండా, నీళ్లన్నీ తాగేశాడు. ఏడాది తర్వాత కడుపు నిండా తాగడం అదే.

"చూశావా, మొహం ఎలా తేటగా అయిందో," అన్నారు సీతారాం గారు.

ఇంజనుని జాకీ మీద లేపి, పాత పట్టీలు కోసి, రబ్బరు దిమ్మలు కూర్చోబెట్టేసరికి నాలుగు దాటింది. ఆఖరి బోల్టు దగ్గర వేళ్లు తిమ్మిరెక్కి, పానా రెండుసార్లు జారిపడింది. కాళ్లు ఎవరో పట్టుకున్నట్టు బరువుగా ఉన్నాయి. స్టార్ట్ చేయమన్నాడు.

ప్రమోదిని గారు చేతులకేసి చూసుకున్నారు. "ఆగిపోయాయి," అన్నారు మెల్లగా.

"నౌపడ దాకా వెళ్లొద్దాం. నువ్వు వెనక కూర్చుని విను," అన్నారు సీతారాం గారు. ప్రమోదిని గారు ముందు సీటుకి మారారు. కూర్మారావు వెనక తలుపు అద్దానికి చెవి ఆనించి కూర్చున్నాడు.

"చప్పుడేమైనా ఉందా?"

"నేదు బావూ."

ఉప్పుమళ్లు మొదలయ్యాయి. తెల్లటి కుప్పలు వరసగా వెనక్కి పోతున్నాయి.

"ఇప్పుడు?"

"నేదు."

మూడోసారి అడిగితే జవాబు రాలేదు.

"నిద్రపోయినట్టున్నాడు. పొద్దుటినుంచీ కష్టపడ్డాడు, లేపకండి," అన్నారు ప్రమోదిని గారు.

సీతారాం గారి మొహం వెలిగింది. మనిషి నిద్రపోయేంత మెత్తగా నడుస్తోందంటే మెకానిక్ ఇచ్చే సర్టిఫికెట్ కంటే అదే గట్టిది. రేపు సభలో ఈ మాట చెప్పాలనుకున్నారు. నౌపడలో ఆగి ఇద్దరూ టీ తాగారు. మూడో టీ లేచాక తాగుతాడని ప్రమోదిని గారు దాన్ని గ్లాసులో పట్టుకునే వచ్చారు. పలాస దాకా టీ ఒక్క చుక్క ఒలకలేదు.

ఊరి మొదట్లో స్పీడుబ్రేకరు దగ్గర అద్దానికి ఆనిన తల జారి, సీటు మీదికి వాలింది. అలాగే ఉండిపోయింది. సీతారాం గారు కారు ఆపి, వెనక్కి తిరిగి, రెండుసార్లు పేరు పెట్టి పిలిచారు. హాజరు పిలిచినట్టే పిలిచారు.

ఆస్పత్రివాళ్లు అతని మొహం మీద దుప్పటి కప్పాక, అతని భార్య అమ్ములు తాళం వెయ్యడానికి షెడ్డుకొచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. జాకీ కింద పెట్టింది. పానాలు పెట్టెలో వేసింది. నేల మీద నూనె మరకలు కారు నిలబడిన చోటుని చూపిస్తున్నాయి. దాని పక్కన, వెనక తలుపు తెరుచుకునే చోట, పెద్దవాళ్ల కారులోకి చెప్పులతో ఎక్కకూడదని విప్పిన హవాయి చెప్పులు ఉన్నాయి. పాదాలు వాచిన రోజుల కోసం పట్టీలు కోసి, రాగి తీగతో వదులుగా కట్టుకున్నవి, జతగా, కాళ్లు పెట్టుకోవడానికి వీలుగా బయటివైపు తిప్పి ఉన్నాయి.