నా తుప్పు వదిలించిన తీరు

నేను ఒక పాత జీపు చట్రాన్ని. షెడ్డుల్లో నన్ను ఛాసిస్ అంటారు. రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటిని కలిపే అడ్డపట్టీలు, అంతే నా ఒళ్ళు. ఇంజను మోగితే అందరూ వింటారు, రంగు మెరిస్తే అందరూ చూస్తారు. నన్ను చూడాలంటే మాత్రం నేలమీద పడుకోవాలి. అంత శ్రమ ఎవరు పడతారు?

కార్ఖానాలో వంచి, రివెట్లు బిగించి బయటికి పంపాక నన్ను మొదట నీటిపారుదల శాఖవారు కొన్నారు. కాలువ గట్లకు గండి పడిన చోటికి వెళ్ళినదానికన్నా ఇంజనీరుగారి పిల్లల్ని బడి దగ్గర దింపిన రోజులే ఎక్కువ. తర్వాత వేలంలో అనకాపల్లి వైపు క్వారీ కాంట్రాక్టరొకడు పాడుకున్నాడు. జీపుకు లారీ పని చెప్పాడు. నా నడుం చీలితే ఒక పట్టీ అతికించి, మర్నాడే మళ్ళీ రాళ్ళు ఎక్కించాడు. పని తీరాక ఉప్పుగాలికి గోడ పక్కన వదిలేశాడు. అక్కడే తుప్పు పట్టాను. అప్పటికీ నాకు మనుషుల మీద కోపం లేదు. ఇనుమును వాడుకుంటారు, పారేస్తారు. కోపం ఆ తర్వాత వచ్చింది.

విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు చక్రధర్‌కు పాత బళ్ళంటే మోజు. నన్ను కొని, బాడీ విడదీయించి, బీచి రోడ్డులో జరగబోయే పాత బళ్ళ ప్రదర్శనకు తయారు చేయమని ఆటోనగర్‌లో సింహాద్రి షెడ్డుకు పంపాడు. నా తుప్పు పోవాలంటే గట్టి గాలితో ఏదైనా గరుకు పొడిని నామీద కొట్టాలి. ఏ పొడి అన్నదే తేలాలి.

సింహాద్రి నాలుగు స్టీలు పళ్ళేల్లో నాలుగు రకాలు పోసి, కొట్లో పప్పులు చూపించినట్టు బల్లమీద పెట్టాడు. ఏటి ఇసుక, గాజు పూసలు, రాగి కరిగించగా మిగిలే నల్లటి చిట్టెం, గార్నెట్ అనే ఎర్రటి రాతిపొడి. గాజు పూసలు నన్ను నున్నగా మెరిపిస్తాయి కాని గుంటల్లోని తుప్పును కదపలేవు. పైగా నున్నటి ఇనుముకు రంగు నిలవదు. చిట్టెం బాగానే గీకుతుంది, కాని దాని ముక్కలు కొన్ని ఇనుములోనే దిగబడి ఉండిపోతాయి. గార్నెట్ గుంటలదాకా శుభ్రం చేసి, రంగు పట్టడానికి కావలసినంత గరుకును మిగులుస్తుంది. జల్లించి మళ్ళీ వాడుకోవచ్చు కూడా. ఇసుకా తుప్పు తీస్తుంది. అయితే ఇనుముకు తగలగానే పగిలి, మొహానికి రాసుకునే పౌడరుకన్నా మెత్తటి దుమ్మవుతుంది. ఆ దుమ్ము కొట్టేవాడి ఊపిరితిత్తుల్లో చేరి, ఇక బయటికి రాదు.

"ఇసకైతే సవక సార్, దొడ్లోనే ఉంది. ఎర్రదంటే తెప్పించాల," అన్నాడు సింహాద్రి.

"ఛాసిస్‌కి ఏమీ కాదుగా?"

"ఏటవుతాది సార్, దళసరి ఇనుము."

"అయితే ఇసుకే కానివ్వు."

నాకేమవుతుందని అడిగాడు. పక్కనే నిలబడ్డ దాలినాయుడికి ఏమవుతుందని అడగలేదు. ఇసుక కొట్టేది అతనే. షెడ్డులో గాలి గొట్టం అమర్చిన ముసుగు ఒకటి ఉంది. తనిఖీకి వచ్చేవాళ్ళ కంటపడేలా దాన్ని మేకుకు తగిలించారు. దానికి గాలి పంపే మిషను చెడిపోతే ఎవరూ బాగుచేయించలేదు. దాలినాయుడు భార్య పాత చీర ముక్కను తడిపి మూతికి కట్టుకుంటాడు. పంటి మీద గీకితే లేచే చిటికెడు పొడికే మాస్కు, కళ్ళద్దాలు, నీటి తుంపర కావాలనే డాక్టరుకు ఆ తడిగుడ్డలో లోటేమీ కనబడలేదు.

మర్నాడు పని మొదలైంది. నా ఒక దూలం తెల్లబడేసరికి షెడ్డంతా పొగమంచు పట్టినట్టయింది. డాక్టరు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దూరంగా నిలబడి ఫోటోలు తీసుకుంటున్నాడు. అప్పుడే దాలినాయుడి భార్య నూకరత్నం అన్నం క్యారియరుతో వచ్చింది. చంకలో ఎక్స్‌రే కవరు ఉంది. భర్తను ఆగమని సైగ చేసి, తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"డాక్టరు బాబూ, ఒకపాలి సూడండి. నాలుగు మెట్లెక్కితే ఈ మడిసికి ఆయాసం. ఇసక మానకపోతే దక్కడన్నారు పెద్దాసుపత్రోళ్ళు."

"ఊరుకోయే. సారుకి పనుంటాది," అన్నాడు దాలినాయుడు, దగ్గుకు దగ్గుకు మధ్యలో.

"నీకు మాటాడ్డానికే ఊపిరి సాల్దు. నువ్వూరుకో."

డాక్టరు ఫిల్మును ఎండకేసి పట్టుకున్నాడు. రోజూ ఎక్స్‌రేలు చూసే కళ్ళు అవి. రెండు వైపులా చల్లినట్టున్న తెల్లమచ్చలను చూసి, వేలితో లెక్కపెట్టబోయి ఆగాడు. నేను గమనించాను. అర్థమైంది ఆయనకు.

"నేను పళ్ళ డాక్టర్నమ్మా. ఇది నా లైను కాదు," అని తిరిగి ఇచ్చేశాడు.

"ఆ మచ్చలు నాకే అగుపడతన్నాయి బాబూ. మీకు అగుపడలేదా?"

ఆయన ఫోను చూసుకున్నాడు. సింహాద్రి కల్పించుకుని, "పని కాడ ఏటి రత్నం ఈ గోల," అన్నాడు. నూకరత్నం కంప్రెసరు దగ్గరికి నడిచి స్విచ్చి ఆపేసింది. మొగుడి మూతికి ఉన్న గుడ్డ విప్పి తన భుజాన వేసుకుంది.

"ఆ ముసుగు బాగుసేయించి, ఎర్రపొడి తెప్పించినాక కబురెట్టన్నా. అందాకా ఈ మడిసి రాడు."

దాలినాయుడు సింహాద్రి వైపు బెరుగ్గా చూసి, ఆమె వెనకే వెళ్ళిపోయాడు.

సగం ఒళ్ళు తోలు ఒలిచినట్టుగా ఉండిపోయాను. సముద్రం దగ్గరి గాలికి వట్టి ఇనుము ఒక్క రాత్రి కూడా ఆగదు. తెల్లారేసరికి ఆ దూలమంతా నారింజరంగు తుప్పు పూసింది. సింహాద్రి ఎంత తిరిగినా ఇంకో మనిషి దొరకలేదు. డాక్టరు వచ్చి తుప్పును వేలితో రాసి చూసి కంగారుపడ్డాడు. ప్రదర్శన దగ్గరపడుతోంది.

"నా ఛాసిస్ పాడైపోతోందయ్యా. ఆ ఎర్రదే తెప్పించు. ముసుగూ బాగుచేయించు. అతన్ని పిలిపించు," అన్నాడు.

మనిషి ఛాతీలోని మచ్చలు కదిలించని గుండెను నామీది మరకలు కదిలించాయి. ఇనుముకు సిగ్గుండదంటారేమో, నాకు ఆ పూట ఒళ్ళంతా సిగ్గేసింది.

గార్నెట్ వచ్చింది. ముసుగులోకి గాలి వచ్చింది. దాలినాయుడు ఆగి ఆగి, కూర్చుని లేచి, నన్ను పూర్తి చేశాడు. చివర్లో నా దూలాల లోపల మిగిలిన ఇసుకను గొట్టం పెట్టి ఊది, ఒక్క రేణువు లేకుండా తీసేశారు. మనిషి ఛాతీలో పెట్టి ఊదడానికి అలాంటి గొట్టం లేదు. అదే ఆఖరు, అతను మళ్ళీ షెడ్డుకు రాలేదు. నూకరత్నం పెట్టుకున్న టిఫిన్ బండి దగ్గర స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడని, నీళ్ళ బిందె ఎత్తలేకపోతున్నాడని రంగులు వేసేవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. గార్నెట్ బస్తాలను సింహాద్రి ఓ మూలకు నెట్టి, నా తర్వాత వచ్చిన లారీ తుప్పుకు మళ్ళీ ఇసుకే కొట్టించాడు. ముసుగు మళ్ళీ మేకుకెక్కింది. తడిగుడ్డ కట్టుకున్నవాడు మాత్రం కొత్తవాడు.

ప్రదర్శన రోజు నా కింద అద్దం పరిచారు, ఎవరూ పడుకోకుండానే నన్ను చూసేలా. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ వంగి చూసి, "కింద కూడా ఇంత శుభ్రంగా ఎలా చేయించారండీ?" అని అడిగింది.

"గార్నెట్ అండీ. అందరూ ఇసుకతో కానిచ్చేస్తారు. నేను ఒప్పుకోలేదు. ఆ దుమ్ము పనివాళ్ళకి ఎంత ప్రమాదమో డాక్టర్ని కదా, నాకు తెలుసు," అన్నాడు చక్రధర్.

ఆవిడ ఆయన్ని మెచ్చుకుంది. పక్కనున్నవాళ్ళూ తలలూపారు. నిజం తెలిసినవాళ్ళం అక్కడ ఇద్దరమే ఉన్నాం. ఆయన మాట్లాడాడు. నేను ఇనుమును.