నాలుగువందల పన్నెండు సార్లు

బాబాయి పోయాక, ఆసుపత్రి కింది అంతస్తులోని సర్వర్ గది పూర్తిగా చిట్టి చేతికి వచ్చింది. అంతకుముందు తొమ్మిదేళ్లు ఆమె అదే గదిలో ఆయన పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకుంది. పై వార్డుల్లో ఆయన్ని మాస్టారు అనేవాళ్లు, ఆమెని సర్వరమ్మ అనేవాళ్లు. ఒక మధ్యాహ్నం మాస్టారు కీబోర్డు మీద చేతులు ఉండగానే తల వాల్చేశాడు. పైన నాలుగు అంతస్తుల నిండా డాక్టర్లు ఉన్నారు. ఒక్కరూ అందుకోలేకపోయారు.

పనిలో ఆయనదొక పట్టుదల. యంత్రంలో ఆగకుండా నడిచే ఒక్కో సర్వీసుకి, దాన్ని నడిపించే ఆదేశాలతో ఒక్కో చిన్న స్క్రిప్టు ఉండాలి. అది ఎవరు తెరిచినా చదవగలిగేలా ఉండాలి. ఏదైనా సర్వీసు పడిపోతే పడిపోయే ఉండాలి, గదిలోనూ వార్డుల్లోనూ గంట మోగాలి, మనిషి వచ్చి చూడాలి.

"లేపడానికేముంది చిట్టీ, ఎవడైనా లేపుతాడు. ఎందుకు పడిందో ముందు చూడాలి" అనేవాడు.

చిట్టి నేర్చుకున్న కాలం వేరు. అన్నిటినీ వరసగా మొదలుపెట్టి, అన్నిటినీ కనిపెట్టుకుని ఉండి, పడినదాన్ని కన్నుమూసి తెరిచేలోగా లేపే మేనేజరు ఒకటి ఇప్పుడు ప్రతి యంత్రంలోనూ ఉంటుంది. దాని మీద వాళ్లిద్దరూ లెక్కలేనన్నిసార్లు వాదించుకున్నారు.

"లోకమంతా ఇలాగే నడుస్తోంది బాబాయ్."

"నడవనీవే. ఈ గదిలో మాత్రం నేను పోయాక నడిపించుకో."

ఆయన పోయిన ఆరో నెలలో ఆమె అదే చేసింది. రెండు వారాలు కూర్చుని నలభై ఒక్క స్క్రిప్టులనీ తీసేసి, పనంతా మేనేజరుకి అప్పగించింది. గంట తీగ కూడా పీకేసింది.

"హమ్మయ్య, నీ గంట గోల వదిలింది సర్వరమ్మా! పేషెంట్ల కంటే అదే ఎక్కువ అరిచేది" అంది రెండో అంతస్తు హెడ్ సిస్టర్.

తెర మీద అన్ని సర్వీసుల పక్కనా పచ్చచుక్కలు. చిట్టికి తృప్తిగానే అనిపించింది. బాబాయి కుర్చీని మాత్రం ఆమె జరపలేదు. దాని మెత్తలో ఆయన కూర్చున్న గుంట అలాగే ఉంది. అటు చూడకుండా పని చేయడం అలవాటు చేసుకుంది.

తర్వాత ఆఫీసు కోసం కొత్తగా నెలవారీ నివేదికల ప్రోగ్రాం ఒకటి వచ్చింది. ఎంత ప్రయత్నించినా అది మొదలు కాలేదు. తనకు కావలసినంత మెమరీ ఇవ్వడం లేదని ఫిర్యాదు. వెతికితే, ప్రోగ్రాములకి మెమరీ పంచిపెట్టే కెర్నెల్‌లో బాబాయి మార్చిన ఒక సెట్టింగు కనబడింది. ప్రోగ్రాములు మెమరీ అడిగితే కెర్నెల్ మామూలుగా లేనిదాన్ని కూడా ఇస్తానని మాట ఇచ్చేస్తుంది. అవన్నీ ఒకేసారి వాడుకోవడానికి వస్తే ఇచ్చుకోలేక, ఒక ప్రోగ్రామును ఎంచుకుని చంపేస్తుంది. ఆ సెట్టింగు సున్నా ఉంటే జరిగేది అది. రెండు పెడితే మాత్రం లేనిది లేదని మొదటే మొహం మీద చెప్పేస్తుంది. బాబాయి రెండు పెట్టాడు. చిట్టి సున్నా చేసింది. నివేదికల ప్రోగ్రాం చక్కగా లేచి కూర్చుంది.

ప్రతి సోమవారం పొద్దున యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టే అలవాటు ఉంది. ఆ సోమవారం సెట్టింగు మళ్లీ రెండు అయింది.

ఎక్కడో పొరపాటు చేశాననుకుంది. సెట్టింగుల ఫైలు తెరిచి చూసింది. అందులో సున్నాయే ఉంది. చేత్తో మార్చి ఊరుకుంది. తర్వాతి సోమవారం మళ్లీ రెండు. ఈసారి సెట్టింగుల ఫైళ్లన్నీ గాలించింది. ఎక్కడా రెండు లేదు. ఆ గదికి ఉన్న ఒకే ఒక్క తాళంచెవి ఆమె దగ్గరే ఉంది.

మూడో సోమవారం తెర మీద ఆ రెండు కనబడగానే పక్కకి తిరిగి బాబాయి కుర్చీ వంక చూసింది. పట్టపగలు. పై వార్డులో ఎవరో బండి తోసుకెళ్తున్న చప్పుడు. యంత్రాల చల్లగాలిలో ఆయన మోకాళ్లకి రాసుకునే మందు వాసన వచ్చినట్టనిపించింది. "ఏంటి బాబాయ్?" అంది పైకే. తన గొంతు తనకే కొత్తగా వినబడి, లేచి బయటికి వెళ్లి కారిడార్‌లో కాసేపు నిలబడింది.

ఇంట్లో చెబితే అమ్మ నవ్వింది. "బతికున్నప్పుడే మాట వినని మొండి మనిషి. పోయాక వింటాడా?" అని, ఆ నవ్వు సగంలోనే ఆపేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాలుగో సోమవారం చిట్టి పట్టుదలకి పోయింది. యంత్రం మొదలవుతుంటే ఏ క్షణాన ఏం జరుగుతోందో వరసగా రాయించి, ఎప్పటిలా సెట్టింగు సున్నా చేసి, ఒక్కొక్క పంక్తీ చదివింది. దొరికింది. మేనేజరు తన పనులన్నీ ముగించాక, పాత పద్ధతి మీద గౌరవంతో అన్నట్టు, పాతకాలం నాటి ఒక ఫైలు ఉంటే దాన్ని చివర్లో నడిపిస్తుంది. ఆ ఫైలు సంగతి ఆమె మరిచేపోయింది. నలభై రెండో స్క్రిప్టు అది. దెయ్యమూ లేదు, ఏమీ లేదు. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని ఫైలు తెరిచింది.

రెండు పెట్టే పంక్తికి పైన బాబాయి రాసుకున్నది ఉంది.

"ఇది మార్చవద్దు. పద్నాలుగో పడక, పొటాషియం ఏడు పాయింట్ ఒకటి. ఆ రిపోర్టు సర్వీసు చేతిలో ఉండగా మెమరీ చాలక కెర్నెల్ ఆ సర్వీసునే చంపింది. పడినదాన్ని లేపమని నేను పెట్టిన లూపు నిమిషంలో మళ్లీ లేపింది. రిపోర్టు పోయింది. తెర మీద అంతా బాగానే కనబడింది. నేను చూడలేదు."

కింద తేదీ. ఆ తేదీ చిట్టికి తెలుసు. మూత్రపిండాలు పాడై నాన్న ఇదే ఆసుపత్రిలో పోయిన రోజు అది. అప్పుడు ఆమెకి పదహారేళ్లు. కిటికీ పక్క పడక. పద్నాలుగు.

ఆ రాతని మళ్లీ మొదటి నుంచి చదివింది. చివరి మాట దగ్గర ఇంకో ఆలోచన వచ్చింది. ఈ ఇరవై ఆరు రోజుల్లో సోమవారాల మధ్య సెట్టింగు సున్నాలోనే ఉంది. పడినదాన్ని లేపడానికి తన మేనేజరూ ఉంది.

యంత్రం జరిగినదంతా రాసుకునే లాగ్ తెరిచింది. ల్యాబ్ నుంచి వార్డులకి రిపోర్టులు మోసే సర్వీసు చచ్చింది, లేచింది. చచ్చింది, లేచింది. మొత్తం నాలుగువందల పన్నెండు సార్లు. పచ్చచుక్క ఒక్కసారి కూడా రంగు మారలేదు.

నివేదికల ప్రోగ్రామును ఆపేసింది. సెట్టింగు రెండు చేసింది. ల్యాబ్ పంపిన రిపోర్టుల జాబితానీ, వార్డులకి చేరిన జాబితానీ పక్కపక్కన పెట్టి చూసింది. పంతొమ్మిది చేరలేదు. ఆ కాగితం పట్టుకుని లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కింది.

హెడ్ సిస్టర్ కళ్లజోడు సర్దుకుని వేలు పెట్టి చదివింది. "ఇవి రాలేదని ల్యాబ్‌కి ఫోన్ చేసి రాయించుకున్నాం. ఇవి మళ్లీ రక్తం తీసి పంపాం. ఈ మధ్య రిపోర్టులు తెగ పోతున్నాయి, ల్యాబ్ వాళ్ల నిర్లక్ష్యం అనుకున్నాం."

"ల్యాబ్ కాదు సిస్టర్. నేనే. మిగతా నాలుగూ?"

"ఈ ముగ్గురూ డిశ్చార్జ్ అయిపోయారు. ఈ పెద్దావిడ..." సిస్టర్ వేలు ఆగిపోయింది. "పొద్దున తీసిన రక్తం. పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిదా? ఆరు దాటితే గుండె ఆగిపోవచ్చు! నాకెవరూ చెప్పలేదే!"

సిస్టర్ అప్పటికే డాక్టర్ని కేకేస్తూ పరుగెత్తింది. చిట్టి తలుపు దగ్గరే నిలబడిపోయింది. పడక మీద పెద్దావిడ ఎందుకింత హడావిడో తెలియక అందరి మొహాలూ చూస్తోంది. సూదులు వేశారు, మందు ఎక్కించారు. సాయంత్రానికి గుండె తీరుగా కొట్టుకుంటోందని డాక్టరు చెప్పాడు. చిట్టి కిందికి దిగి ముఖం కడుక్కుంది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"నాన్న రిపోర్టు సంగతి నీకు తెలుసా?"

అమ్మ చేతులు ఆగలేదు. "తెలుసు. వారం తిరక్కుండా మీ బాబాయే వచ్చి చెప్పాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. చెంప పగలగొట్టాను. తర్వాత లోపలికి పిలిచి అన్నం పెట్టాను. ఏం చెయ్యమంటావ్? ఆయన ఏడుస్తున్నాడు, నేనూ ఏడుస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆయన దగ్గర కూర్చునేదానివా? నీకు పని నేర్పమని నేనే అడిగాను. ఆయన వద్దు వదినా అన్నాడు. మూడేళ్లు వద్దనే అన్నాడు. అంత భయం ఉన్నవాడి దగ్గరే నువ్వు ఉండాలనిపించింది నాకు."

చిట్టికి కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. తొమ్మిదేళ్లలో గంట మోగిన ప్రతిసారీ బాబాయి తెర కంటే ముందు తన మొహం చూసేవాడు. ఆ చూపు ఇప్పుడు అర్థమైంది. అర్థమై ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

మర్నాడు జరిగినదంతా రాసి సూపరింటెండెంట్‌కి ఇచ్చింది, పదిహేనేళ్ల కిందటి సంగతితో సహా. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఈ పాత సంగతి తీసేయొచ్చు కదమ్మా. మీ నాన్నగారు లేరు, మాస్టారూ లేరు. ఇప్పుడెవరికి లాభం?"

"తీసేస్తే నా తర్వాత వచ్చేవాళ్లు కూడా సున్నా పెడతారండీ" అంది చిట్టి.

ఆయన సంతకం పెట్టాడు. మేనేజరును ఆమె తీసేయలేదు. మిగతా సర్వీసుల సంగతి దానికే వదిలింది. రిపోర్టుల సర్వీసు మాత్రం పడితే లేపవద్దని దానికి రాసింది. ప్రతి రిపోర్టునీ ముందు డిస్కు మీద రాసుకున్నాకే అది చేతిలోకి తీసుకునేలా మార్చింది. గంట మళ్లీ కట్టింది. సిస్టర్లు విసుక్కోలేదు.

ఇళ్లకి వెళ్లిపోయిన ముగ్గురికీ ఫోన్లు తనే చేస్తానంది. మొదటివాడు తన దుకాణం నుంచే మాట్లాడాడు. బాగానే ఉన్నానన్నాడు, అయినా పిలిచారు కాబట్టి వచ్చి రక్తం ఇచ్చి వెళ్లాడు. రెండో నంబరు ఎత్తింది ఒకాయన భార్య. ఒక రిపోర్టు పోయింది, తప్పు నాది అని చెబితే, ఆవిడ మర్నాడు భర్తని వెంటబెట్టుకుని వచ్చింది. ఫలితం వచ్చేదాకా చిట్టి వాళ్లతో బల్ల మీదే కూర్చుంది. ఫలితం మామూలుగానే ఉందని తెలిశాక ఆవిడ, భర్త చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

మూడో నంబరు మోగి మోగి ఆగిపోయింది. చిట్టి రోజుకి రెండుసార్లు చొప్పున చేసింది. ఆరో రోజున ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని ఒక గొంతు చెప్పింది. ఇచ్చిన చిరునామాకి ఆసుపత్రి ఉత్తరం పంపితే, ఆ ఇంట్లో ఎవరూ లేరని రాసి తిరిగొచ్చింది. ఇల్లు మారారో, నంబరు మార్చారో, ఇంకేమైనా అయిందో చెప్పేవాళ్లు లేరు. నలభై మూడేళ్ల ఆడమనిషి, పొటాషియం ఆరు పాయింట్ నాలుగు. చిట్టికి ఆవిడ గురించి తెలిసింది ఆ రెండు ముక్కలే.