ఆకాశంలో దూప

మళ్ళీ వచ్చింది ఆ బండి. సారక్కకు తల ప్రాణం తోకకొచ్చింది. హైదరాబాద్ నుంచి లండన్ దాకా ఒక దొరసాని చంపింది, ఇప్పుడు అట్లాంటిక్ సముద్రం మీద ఇంకో విమానం, బండి తోసే ఇంకో దొరసాని. నీళ్ళంటుంది, జ్యూసంటుంది, కాఫీ అంటుంది. వద్దంటే నవ్వుతూ వెళ్తుంది, కాసేపటికి అదే నవ్వుతో తిరిగొస్తుంది. పెళ్ళిలో వియ్యపురాలికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు!

"వద్దని చెప్పవే సువర్ణా! చెప్పి చెప్పి నోరు నొస్తాంది."

"ఇంగ్లీషుల చెప్పేది నేనైతే నీ నోరెందుకు నొస్తాందక్కా?" అంది పక్క సీట్లోని సువర్ణ.

సారక్క మణుగూరు బొగ్గు బాయిలో ఆడవాళ్ళ రెస్క్యూ జట్టుకు కెప్టెన్. గనిలో పొగ కమ్మినా, కప్పు కూలినా లోపలికెళ్ళి మనుషుల్ని మోసుకొచ్చే పని. కెనడాలో జరిగే గని రెస్క్యూ పోటీకి ఆడవాళ్ళ జట్టు వెళ్ళడం ఇదే మొదటిసారి. దిగగానే డాక్టరు పరీక్ష ఉంటుంది. ఆరుగురిలో ఏ ఒక్కరు తప్పినా జట్టంతా ఇంటికే, అదనపు మనిషి లేదు. "ఆడోళ్లకు రెస్క్యూ ఏందిరా, వాళ్లనే రెస్క్యూ చెయ్యాలె" అని కాలనీ చాయ్ హోటల్ దగ్గర నవ్విన మొహాలన్నీ సారక్కకు గుర్తే.

విమానంలో ఏం పెడతారో సేఫ్టీ ఆఫీసు కిషోర్ ముందే పూసగుచ్చినట్టు చెప్పాడు. అతను మగవాళ్ళ జట్టుతో ఇదే దారిన వెళ్ళొచ్చినవాడు. "ఫస్ట్ తాగనీకి ఇస్తరు, తర్వాత తిననీకి. చికెనా, కూరగాయలా అని అడుగుతరు. దిగే ముందు మళ్ల ఏదన్న పెడ్తరు. అంతా టికెట్లనే ఉంటది, సిగ్గుపడకుండ్రి. నీళ్లు మాత్రం మస్తు తాగాలె, పైన గాలి పొడిగ ఉంటది." అందరూ తలలూపారు. ఊపడానికేం పోయింది!

తినడమైతే తిన్నారు. చికెన్‌లో ఉప్పూ లేదు, కారమూ లేదు. సువర్ణ తెచ్చిన మామిడికాయ తొక్కు ఆదుకుంది. నీళ్ళ కప్పులు మాత్రం మూత తీయకుండా అలాగే ఉండిపోయాయి.

బాయిలోకి దిగితే షిఫ్టు అయ్యేదాకా ఆడమనిషి ఒంటికి వెళ్ళడానికి చోటు లేదు. అందుకని ఎంత దూపైనా డ్యూటీ రోజు పొద్దున్నుంచే నీళ్ళు ముట్టరు. కొత్తగా వచ్చిన పిల్లకు ఆక్సిజన్ సెట్టు తగిలించడం కంటే ముందు సారక్క నేర్పేది అదే. "పెదవులు తడుపుకో, పుక్కిలిచ్చి ఉమ్మెయ్. మింగినవో, నీ సావు నువ్వు సావాలె." ఇక్కడా ఒంటిమీద యూనిఫాం ఉంది, పక్కన కెప్టెన్ ఉంది. గొంతులు వాటంతటవే మూసుకున్నాయి.

జట్టులో అందరికంటే చిన్నది శ్రీదేవి. కిటికీ పక్కన కూర్చుని తడి టవల్‌ను పెదవులకు అద్దుకుంటోంది. "తల తిరుగుతాందక్కా" అంటూ లేవబోయి, సారక్క ఒళ్ళో కూలబడింది.

సారక్క కేకేసింది. దొరసాని పరుగున వచ్చి పిల్ల నాడి చూసింది, కాళ్ళు పైకెత్తించింది, ఏదో అడిగింది.

"నీళ్లెప్పుడు తాగిన్రు అంటాంది," అంది సువర్ణ.

"హైదరాబాద్ల ఇంత తాగినం. లండన్ల పుక్కిలిచ్చినం. గట్లనే చెప్పు."

ఆ మాట విన్నాక దొరసాని మొహంలో నవ్వు మాయమైంది. "ఇన్నిసార్లు తెచ్చిన గదా, ఎందుకు తాగలేదు అంటాందక్కా," అంది సువర్ణ.

సారక్కకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక పిల్ల మీద పడింది. "ఏమే, ఇదేమన్న బాయా? తాగి సావరాదే! డాక్టర్ ఫెయిలంటే అందరం మూటముల్లె సర్దుకోవాలె. కాలనీల మొహమెట్ల సూపెట్టాలె?"

శ్రీదేవి కళ్ళు తెరిచింది. "నువ్ తాగినవా అక్కా?"

సారక్క ముందున్న కప్పుకు వేసిన మూత వేసినట్టే ఉంది. కెప్టెన్ అడుగేసిన చోటే జట్టు అడుగేస్తుంది. రెస్క్యూలో అదే మొదటి పాఠం, చెప్పిందీ తనే.

మూత చింపి గటగటా తాగేసింది. ఇంకోటి అడిగి అదీ తాగింది. కాసేపటికి లేచి, అందరూ చూస్తుండగానే వెనక్కి నడిచింది. గడియ జరపగానే లైటు వెలిగింది. అగ్గిపెట్టెంత గది. నీళ్ళున్నాయి, సబ్బుంది, అద్దముంది. ఏడుపు రావాలి గానీ రాలేదు. కోపం వచ్చింది, ఇన్నేళ్ళ కోపమంతా ఒక్కసారే వచ్చింది.

బయటికొస్తూనే అరిచింది. "తాగుండ్రే అందరు! కెప్టెన్ ఆర్డర్!"

దొరసాని ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు శ్రీదేవికి గుక్క గుక్కగా పట్టింది. విమానం దిగేదాకా ఆ గది ముందు మణుగూరు ఆడవాళ్ళే వరుస కట్టారు.

డాక్టరు పరీక్షలో శ్రీదేవి గట్టెక్కింది. బయటికి రాగానే కిషోర్ ఫోన్ చేశాడు. "ఫ్లైట్ల సర్వీసు ఎట్లుండె అక్కా? మంచిగ సూసుకున్నరా?"

"సర్వీసు సంగతి తర్వాత. మేనేజర్ సార్‌కు ఒక్క మాట చెప్పు. వాళ్లు బాత్రూంను మబ్బులల్లకు మోసుకపోయిన్రు, మీకు బాయిలకు దించనీకి ఏం రోగం? మేం వాపసొచ్చేసరికి ఆడోళ్లకు అది ఉండాలె. లేకుంటే డ్యూటీకే దిగం."

"గిదంతా పోటీ అయినంక మాట్లాడుకుందాం అక్కా..."

"గిప్పుడే," అంటూ సారక్క సీసా మూత తీసి, ఫోన్‌లో వినబడేట్టు గటగటా నీళ్ళు తాగింది.