బడాబాబుకి బైఠా

పొద్దున్నే గంప ఎత్తానో లేదో, బడాబాబు నా పెట్టపిల్లల మీద పడ్డాడు.

బడాబాబు అంటే మా పుంజు. ఉక్కు ప్లాంటున్న ఈ హిందీ ఊళ్లో, బర్మామైన్స్‌లో మా ఇంటి వెనక పెరట్లో నాలుగు పాత పెట్టల మీద పెత్తనం వాడిదే. ప్లాంటులో పెద్ద ఆఫీసర్లని అలా అంటారని మా ఆయన గణపతిరావు ముచ్చటపడి పెట్టిన పేరు. మూడు నెలల పెట్టపిల్లలు ఆరింటిని మాత్రం టెల్కో వైపు సంతలో నేనే ఏరి తెచ్చుకున్నాను. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఈ ఇంటికి నేను ఎంచి తెచ్చినవి అవే. గోడల రంగు మామగారు ఎంచారు, ఫ్యాను మరిది ఎంచాడు, నన్ను మా అత్త ఎంచింది.

నల్లపిల్ల నెత్తి మీద నెత్తురు. పసుపు అద్దుతుంటే మా అత్త చిలకమ్మ పళ్లు తోముకుంటూ వచ్చింది. "కొత్తగా వచ్చినోలే సద్దుకోవాల, వరాలూ. పుంజన్నాక పొడవదేటి?"

ఈ మాట నాకు బాగా తెలుసు. పెళ్లైన మూడో రోజున పులుసులో ఉప్పెక్కువైందని ఈయన కంచం తోసేసినప్పుడు మొదటిసారి విన్నాను. అప్పటినుంచీ సర్దుకుంటూనే ఉన్నాను. అందరూ తిన్నాక తినడానికి సర్దుకున్నాను. చేపలో తల మామగారిది, నడుం ముక్క ఈయనది, తోక నాది. ఇదెక్కడా రాసి లేదు, అయినా ఒక్కరోజూ తప్పలేదు. నాకు తోక ఇష్టమని ఇంట్లో అందరూ నమ్ముతారు. అబద్ధం. నాకు తోకంటే ఒళ్లు మంట.

"ఆదివారం దాకా చూత్తాను," అన్నాడు ఈయన డ్యూటీకి బయల్దేరుతూ. "అప్పటికీ కలవకపోతే పిల్లల్ని జుగ్సలాయి బజారుకి అట్టుకెళ్లి అమ్మేత్తాను. రోజూ ఈ గోలేటి?"

పొడిచేది పుంజు, అమ్మేది పిల్లల్నా!

ఆ సాయంత్రం భోజనం దగ్గర ఆయనే దారి చూపించాడు, తెలియకుండానే. కాంట్రాక్టు పనివాళ్ల మీద ఆయన సూపర్‌వైజరు. పాత వెల్డరొకడు కొత్తవాళ్లని ఏడిపిస్తున్నాడట. "మూడ్రోజులు బైఠా దియా! ఆలోపు కొత్తోలు పని అందుకున్నారు. ఆడు తిరిగొచ్చేసరికి ఆడే కొత్తోడైపోనాడు." బైఠా అంటే పనిలోకి రానివ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టడం.

గరిటె నా చేతిలో ఆగిపోయింది. "ఆ ఆఖరి మాట మళ్లీ చెప్పు, మావా."

పొంగిపోయి మళ్లీ చెప్పాడు.

మర్నాడు బుధవారం. గంప కింద పిల్లల్ని బయటికి వదిలి, బడాబాబుని పట్టుకుని అదే గంప కింద పెట్టి, పైన బరువుకి రోటి పొత్రం ఉంచాను. లోపల నీళ్లు, నూకలు, అన్నీ ఉన్నాయి. వెదురు సందుల్లోంచి పెరడంతా కనిపిస్తుంది కూడా.

"ఓలమ్మో! ఇంటి పుంజుని గంప కింద ఎడతావేటే!" అంది అత్త.

"సద్దుకుంటాడులే, అత్తా," అన్నాను. ఆ మాట ఇంత తియ్యగా ఉంటుందని పంతొమ్మిదేళ్లుగా నాకు తెలియదు.

కాలేజీకి వెళ్తున్న మా అమ్మాయి బిందుప్రియ ఫోటో తీసి, "వాహ్ మమ్మీ! బడాబాబు సస్పెండ్ హో గయా!" అంటూ స్టేటస్‌లో పెట్టేసింది.

గింజలు రెండు మూలలా చల్లాను. పాత పెట్టలు ఒక మూల కాపలా కాస్తే పిల్లలు రెండో మూల తినేవి. మొదటిరోజు కీచులాటలు, రెండోరోజు కోపాలు, మూడోరోజుకి అందరూ ఒకే నీళ్ల గిన్నె దగ్గర. నల్లపిల్లయితే ఏకంగా గంపెక్కి కూర్చుంది, బడాబాబు నెత్తి మీద.

శనివారం వదిలాను, చీపురు చేతిలో పట్టుకుని. రెక్కలు విప్పుకుని దూకాడు. పిల్లలు పరిగెత్తలేదు. పాత పెట్టలు తలైనా ఎత్తలేదు. వాడు కాసేపు నిలబడి, ఏదో గింజ దొరికినట్టు నేలని పొడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను పగలబడి నవ్వాను.

ఆదివారం ఈయన సంచీ పట్టుకుని పెరట్లోకొచ్చి ఆగిపోయాడు. "ఏటి సేసినావే?"

"నీ రూలే, మావా. బైఠా దియా."

నవ్వాడు. సంచీ మడిచేశాడు.

మధ్యాహ్నం చేపల పులుసు. అందరి కంచాలతో పాటు నాదీ పెట్టుకుని, కూర్చుని, నడుం ముక్క వేసుకున్నాను. మా అత్త చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఏటే, మాతోపాటు కూకున్నావ్?" అన్నాడు ఈయన.

"కొత్తగా ఉందా? సద్దుకోవాల."

బిందుకి పొలమారింది. ఈయన కిటికీలోంచి పెరట్లోకి చూసి, తోక ముక్క తన కంచంలో వేసుకుంటూ మెల్లగా అడిగాడు. "పుంజు దారికొచ్చింది కదా, ఆ గంప అటక మీద ఎట్టీనా?"

"వద్దు," అన్నాను ముల్లు తీసుకుంటూ. "అక్కడే ఉండనీ."