తప్పెట మీద పడ్డ గుండె

“ఇవాళ ఏ కొంప మునుగుతుందో ఏమో!” పొద్దున్నే స్విచ్చి వేయగానే నేననే మాట ఇదే. మనుషుల చెవికది ‘కుయ్’మని వినిపిస్తుంది. నేను ఒక ఈసీజీ యంత్రాన్ని. గుండె కొట్టుకోవడాన్ని కాగితం మీద గీతగా గీయడం నా పని. అయినదానికీ కానిదానికీ హడలిపోవడం నా స్వభావం.

పుట్టింది మైసూరులో. విజయనగరంలో ఒక గుండె డాక్టరుగారు నన్ను ఎనిమిదేళ్లు వాడుకుని, కొత్తది రాగానే ఈ చిన్న ఊరి సర్కారు ఆసుపత్రికి దానమిచ్చారు. పాతబడ్డాక దానం చేస్తే వచ్చే పుణ్యం మనుషులకు బాగా తెలుసు.

మొన్న అసిరయ్యను తెచ్చారు. రొమ్మున రేకు తప్పెట కట్టుకుని వాయిస్తూ గెంతే తప్పెటగుళ్ల ఆటగాడు. యాభై దాటినా తోటివాడి భుజాలెక్కి వాయించబోయి, కట్టుకున్న తప్పెట మీదే బోర్లా పడ్డాడట. వెంట వచ్చిన భార్య ఎరుకమ్మ మూతి బిగించుకుని ఉంది. వద్దన్నా ఎక్కాడని కోపం.

హడావుడిలో రొమ్ము సరిగా చూడకుండానే నా తీగలు అంటించారు. గీతకు బదులు పిచ్చి ముగ్గులు వచ్చాయి.

“ముసలిది, దీని పనైపోయింది,” అన్నారు డాక్టరమ్మ.

నా పనా! అతని రొమ్ము నిండా పసుపూ సున్నం పట్టు ఎండి అట్టకట్టి ఉంటే నాకేం తెలుస్తుంది? నర్సు అది చూసి తడిగుడ్డతో తుడిచింది.

“పట్టేస్తే నెప్పి లాగేస్తాది గదమ్మా,” అని గొణిగాడు అసిరయ్య.

ఈసారి గీత తేటగా వచ్చింది. నా ప్రాణం మాత్రం ఎగిరిపోయింది. మధ్యమధ్య అతని గుండె తాళం తప్పి ఒక దెబ్బ ఎక్కువ వేస్తోంది! రక్తపరీక్షా బాగాలేదు. స్కానింగులో గుండె చుట్టూ రక్తం చేరలేదు, అదొక్కటే నయం.

“ఎముక విరగలేదుగానీ గుండె కండరం కమిలింది. లయ బాగా తప్పితే ప్రాణానికే ముప్పు. రేపటిదాకా మంచం దిగొద్దు,” అన్నారు డాక్టరమ్మ.

“రేపు బొబ్బిల్లో ఆటుందమ్మా!”

“గుండె ఉంటేగా ఆట!”

నొప్పికి మందిచ్చి, అతన్ని కదలనివ్వకుండా నాకు కట్టేశారు. కమిలిన గుండెకు విశ్రాంతే పెద్ద వైద్యమట. తప్పిన ప్రతి దెబ్బకూ ‘అయిపోయాడు’ అని నేను కుయ్యిమన్నాను. అతను హాయిగా గురకపెట్టాడు.

మర్నాటికి ఆ దెబ్బలు ఆగాయి, రక్తపరీక్షా కుదుటపడింది. “రెండు నెలలు తప్పెట ముట్టొద్దు,” అని చెప్పి డాక్టరమ్మ వెళ్లారు.

అసిరయ్య భార్య వైపు తిరిగాడు. “ఒలే, నిన్నట్నించి పలకవేటే? ఇంక నన్నాడనివ్వవా?”

ఎరుకమ్మ గిన్నెలో జావ కలుపుతూనే ఉంది. నేను మూర పొడుగు కాగితం గీశాను. ఆమె ఇంకా కలుపుతూనే ఉంది.

“రెండు నెల్లైనాక ఆడుదువుగాన్లే. ముందరీ జావ తాగు.”